అప్లై బటన్ నొక్కే ముందు: క్రెడిట్ కార్డు కోసం నేను పట్టిన దారులన్నిటి మీదా నా రివ్యూ

నమస్కారమండీ. ఫలానా బ్యాంకు కార్డు మంచిది, ఫలానాది కాదు అని చెప్పే వీడియో కాదిది. కార్డు చేతికి రావడానికి మనం రకరకాల దారులు పడతాం కదా. అర్హత ఉందో లేదో చూపించే పేజీలు, క్రెడిట్ రిపోర్ట్, డిపాజిట్ మీద ఇచ్చే కార్డు, ఇంట్లోవాళ్ళ కార్డుకి జోడించే కార్డు, డబ్బు తీసుకుని స్కోరు పెంచుతామనే ఏజెంట్లు. వీటిలో ఏది పనికొచ్చింది, ఏది నా టైమ్ తినేసింది అన్నదే ఈ రోజు మాట్లాడతాను.

ముందు నా సంగతి చెప్పాలి. మొదటిసారి అప్లై చేసినప్పుడు జీతం బాగానే ఉంది, అప్పులేమీ లేవు, కార్డు ఖాయమనే అనుకున్నాను. రెండో రోజు మెసేజ్ వచ్చింది, అంతర్గత నిబంధనల ప్రకారం ఆమోదించలేకపోతున్నామని. కారణం మాత్రం రాయలేదు. పట్టుదల కొద్దీ అదే వారంలో ఇంకో మూడు చోట్ల అప్లై చేశాను. మూడూ పోయాయి. ఆ వారం నేను చేసిన పని మీరెవరూ చేయకూడదనే ఈ వీడియో తీస్తున్నాను.

ఎందుకు పోయాయో నాకు తెలిసింది క్రెడిట్ రిపోర్ట్, అంటే మన అప్పులు, వాటిని కట్టిన తీరు అన్నీ రాసి ఉండే పత్రం తెప్పించుకున్నాకే. అందుకే రివ్యూ కూడా దాంతోనే మొదలుపెడుతున్నాను. చాలామంది స్కోరు, అంటే ఆ చరిత్రని బట్టి మనకి వేసే అంకె, ఒక్కటి చూసి ఊరుకుంటారు. అమెరికాలో వాడే ఫైకో స్కోరైతే 300 నుంచి 850 వరకు, భారత్‌లో సిబిల్ స్కోరైతే 300 నుంచి 900 వరకు ఉంటుంది. ఆ అంకె మీరు ఎక్కడున్నారో చెబుతుంది, ఎందుకక్కడ ఉన్నారో చెప్పదు. ఎందుకో తెలియాలంటే రిపోర్టు మొత్తం చదవాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం పెట్టుకోకండి.

రిపోర్టులో ఒక్కో ఖాతా కింద నెలలవారీ గడులు ఉంటాయి. ఈ రిపోర్టు తయారుచేసే సంస్థని బ్యూరో అంటారు, బ్యూరోని బట్టి రూపం మారుతుంది గానీ విషయం అదే. నా దాంట్లో ఎప్పుడో వాయిదాల మీద కొన్న ఫోను ఖాతా ఉంది. ఆఖరి వాయిదా కట్టేశాను, అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. చివర్లో ఏదో రుసుము మిగిలిపోయింది, లెక్కలోకి కూడా రానంత చిన్న మొత్తం. గడులు వరసగా చూస్తుంటే సున్నా, సున్నా, సున్నా, ఆ తర్వాత 30, 60, 90. అంటే కట్టాల్సిన తేదీ దాటి అన్ని రోజులైందని. ఎంత బాకీ అన్నది ఆ గడిలో కనిపించదు, ఎన్ని రోజులు అన్నదే కనిపిస్తుంది. దరఖాస్తు చూసేవాళ్ళకి నేను మూడు నెలలు అప్పు ఎగ్గొట్టిన మనిషిని.

బాకీ కట్టాను. ఇక బాకీ లేదని ఉత్తరం తీసుకున్నాను. ఖాతా 'క్లోజ్డ్' అని మారింది. కానీ ఆ 30, 60, 90 పోలేదు, ఎందుకంటే ఆలస్యం నిజంగానే జరిగింది. బ్యూరోకి ఫిర్యాదు చేస్తే తప్పులు దిద్దుతారు, జరిగినదాన్ని చెరపరు. నా విషయంలో దిద్దింది వేరే తప్పు. ఒక ఖాతాలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకో ఖాతాలో ఒక్క పొడి అక్షరంగా ఉంది. పాత అడ్రసు కూడా అలాగే ఉండిపోయింది. అమెరికాలోనూ భారత్‌లోనూ ఇలాంటి ఫిర్యాదులు తేల్చడానికి సాధారణంగా 30 రోజుల గడువు ఉంటుంది. కాబట్టి కార్డు కావాలనుకున్న రోజున కాదు, కనీసం రెండు మూడు నెలల ముందే రిపోర్టు తెప్పించుకోండి.

ఇంకొక్క మాట చూడండి రిపోర్టులో, 'సెటిల్డ్' అని. బాకీలో కొంత కట్టండి, మిగతాది వదిలేస్తాం అని ఎవరైనా ఫోన్ చేస్తే హాయిగానే అనిపిస్తుంది. కానీ 'క్లోజ్డ్' అంటే పూర్తిగా కట్టినట్టు, 'సెటిల్డ్' అంటే పూర్తిగా కట్టలేదని ఇద్దరూ ఒప్పుకున్నట్టు. కొత్తగా కార్డు ఇచ్చేవాళ్ళు ఈ రెండింటినీ ఒకేలా చూడరు. శక్తి ఉంటే మొత్తం కట్టే బయటపడండి.

రిపోర్టుకి నా మార్కు పదికి పది. దీని తర్వాతే మిగతావి.

అర్హత చూపించే పేజీలు. వివరాలు ఇస్తే మీకు ఫలానా కార్డు వచ్చే అవకాశం ఉందని చెబుతాయి. మన రిపోర్టుని ఎవరైనా తెరిచి చూడటాన్ని ఎంక్వైరీ అంటారు. ఇక్కడ ఒక్కటే చూసుకోవాలి, అది సాఫ్ట్ ఎంక్వైరీనా హార్డ్ ఎంక్వైరీనా అని. సాఫ్ట్ అయితే స్కోరు మీద ప్రభావం ఉండదు. నిజంగా అప్లై చేసినప్పుడు పడేది హార్డ్ ఎంక్వైరీ, దాన్ని మిగతా బ్యాంకులు కూడా చూస్తాయి. ఫైకో లెక్కలో అయితే ఒక్క హార్డ్ ఎంక్వైరీకి చాలామందికి ఐదు పాయింట్ల లోపే తగ్గుతుంది. రిపోర్టులో రెండేళ్ళు కనిపిస్తుంది, స్కోరు లెక్కలోకి మాత్రం ఒక ఏడాదే వస్తుంది. ఒకటైతే పెద్ద విషయం కాదు. నాలాగా వారంలో నాలుగైతే, ఈ మనిషికి డబ్బుకి బాగా ఇబ్బందిగా ఉందని చూసేవాళ్ళు అనుకుంటారు. ఇంకో సంగతి, అదే ఫైకోలో ఇంటి లోను కోసం కొద్ది రోజుల వ్యవధిలో నాలుగు చోట్ల అడిగితే అవన్నీ కలిపి ఒక్కటిగా లెక్కేస్తారు. కార్డులకి ఆ వెసులుబాటు లేదు. ఇది తెలియకే చాలామంది దెబ్బతింటారు. ఈ పేజీలకి ఏడు మార్కులు, 'అవకాశం ఉంది' అనే మాటని హామీగా తీసుకోనంత వరకు.

అసలు బ్యాంకులు ఇంత జల్లెడ ఎందుకు పడతాయని అడిగారు కొందరు. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నో అనే ఊళ్ళో సుమారు 60,000 కార్డులు ఎవరూ అడగకుండానే పోస్టులో పంపేసింది. వాళ్ళు అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది బాకీ కట్టలేదు, దొంగ వాడకం కూడా జరిగింది. కట్టగలిగేవాళ్ళెవరో ముందే తెలుసుకోకపోతే ఏమవుతుందో అప్పుడే తెలిసొచ్చింది. ఈ రోజు వాడుకలో ఉన్న ఫైకో స్కోరు వచ్చింది 1989లో. ఆ స్కోరులో 35 శాతం సమయానికి కట్టారా లేదా అన్నదే, 30 శాతం ఎంత బాకీ ఉంది అన్నది. ఈ రెండూ కలిపితేనే దాదాపు మూడింట రెండు వంతులైపోయింది. మనం పట్టించుకోవాల్సింది ఎక్కడో ఇక మీకే అర్థమవుతుంది.

ఆ 30 శాతం గురించి కాస్త ఆగి చెబుతాను, ఇప్పటికే ఒక కార్డు ఉండి రెండోది కావాలనుకునేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. మీ లిమిట్ వంద అనుకోండి. నెలలో తొంభై వాడారు, డ్యూ డేట్‌కి పైసాతో సహా కట్టారు. వడ్డీ పడలేదు, ఆలస్యం లేదు. అయినా రిపోర్టులో తొంభై శాతం వాడినట్టే కనిపించవచ్చు. ఎందుకంటే చాలా బ్యాంకులు బ్యూరోకి పంపేది బిల్లు తయారైన రోజున ఉన్న బాకీని. ఆ రోజు స్టేట్‌మెంట్ డేట్, డ్యూ డేట్ దాని తర్వాత ఎప్పుడో వస్తుంది. కాబట్టి అప్లై చేయబోయే ముందు రెండు నెలలు, స్టేట్‌మెంట్ డేట్‌కి రెండు మూడు రోజుల ముందే చాలావరకు కట్టేయండి. బిల్లు ఇరవైకో ముప్ఫైకో వచ్చేలా చూసుకోండి. ఖర్చు తగ్గించనక్కర్లేదు, కట్టే తేదీ మారిస్తే చాలు. నాకు ఇది తెలిసినప్పుడు ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదా అనిపించింది.

ఇప్పుడు అసలు చరిత్రే లేనివాళ్ళ సంగతి. మొదటి ఉద్యోగం, చదువుకుంటున్నవాళ్ళు, ఇంటి దగ్గరుండి సంపాదించేవాళ్ళు. స్కోరు తక్కువ ఉండటం వేరు, స్కోరే లేకపోవడం వేరు. వీళ్ళకి నేను గట్టిగా చెప్పేది డిపాజిట్ మీద ఇచ్చే కార్డు. మీ డబ్బు బ్యాంకులో డిపాజిట్‌గా పెడతారు, దాన్ని బట్టి లిమిట్ ఇస్తారు. బ్యాంకుకి రిస్క్ తక్కువ కాబట్టి ఆమోదం సులువు. రిజెక్ట్ అయ్యాక నేను కూడా ఇదే తీసుకున్నాను. ఫోన్ బిల్లొక్కటి దాని మీద పెట్టి, నెలనెలా పూర్తిగా కట్టుకుంటూ వచ్చాను. ఏడాదిన్నర తర్వాత మామూలు కార్డు వచ్చింది. తీసుకునే ముందు రెండు విషయాలు అడగండి. ఈ కార్డు చెల్లింపులు బ్యూరోకి పంపుతారా? కార్డు మూసేస్తే డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు? మొదటిదానికి సరైన జవాబు రాకపోతే ఆ కార్డుతో మీకు పని లేదు. దీనికి తొమ్మిది మార్కులు. ఒక మార్కు తీసేసింది, డబ్బు అందులో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి.

ఇంట్లోవాళ్ళ కార్డుకి యాడ్ ఆన్‌గా చేరడం గురించి అడుగుతుంటారు. కొన్ని దేశాల్లో ఆ చరిత్ర మీ పేరు మీద కూడా చేరుతుంది, కొన్ని చోట్ల అసలు కార్డు ఎవరిదో వాళ్ళ పేరు మీదే ఉంటుంది. మీ దగ్గర ఎలాగో కనుక్కుని చేరండి.

స్కోరు పెంచుతామని డబ్బు అడిగేవాళ్ళకి సున్నా. రిపోర్టులో తప్పుంటే ఫిర్యాదు మీరే చేసుకోవచ్చు. ఉన్నది నిజమైతే దాన్ని తీయించే దారి వాళ్ళ దగ్గరా లేదు. కార్డు ఖాయం చేస్తాం, ముందు ఫీజు పంపండి, ఓటీపీ చెప్పండి అంటే ఫోన్ పెట్టేయండి.

ఇక ఫారం. ఆదాయం కాగితాల్లో ఎంతుందో అంతే రాయండి, పెంచి రాయకండి. ఉద్యోగం మారి నెల రోజులే అయితే కొన్నాళ్ళు ఆగండి, నిలకడ కూడా చూస్తారు. వచ్చే జీతంలో వాయిదాలకి ఎంత పోతుందన్నదీ చూస్తారు కాబట్టి, చివరికొచ్చిన చిన్న లోను ఏదైనా ఉంటే ముందు దాన్ని తీర్చేసి అప్లై చేయండి.

ఇంత చేసినా రిజెక్ట్ అయితే టెన్షన్ పడి వెంటనే ఇంకోచోట నొక్కకండి. కారణం రాతపూర్వకంగా అడగండి. భారత్‌లో అయితే కార్డు ఇచ్చే సంస్థ నిర్దిష్ట కారణం రాసి చెప్పాలని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. నాకు ఆ రోజు తెలిసుంటే ఆ మూడు దరఖాస్తులూ పెట్టేదాన్ని కాదు.

మీ రిపోర్టులో ఏ లైను అర్థం కాలేదో కామెంట్లో రాయండి, ఖాతా నంబర్లు, పుట్టిన తేదీ మాత్రం రాయకండి. తర్వాతి వీడియోలో ఆ లైన్లే ఒక్కొక్కటి చదువుదాం.