బొబ్బిలి వీణ మీటు కోసం పాతకాలపు ఈక్వలైజర్‌లో ఒక మార్పు

[నల్ల తెర. వీణ మీద నాలుగు మీట్లు. తర్వాత బల్ల మీద మూత తీసిన పెట్టె.]

ఇప్పుడు మీరు విన్నది బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగను తొలిచి చేసినది. విజయనగరంలో మా మేడ మీద గదిలో రికార్డు చేశాను. నాదం నిండుగా ఉంది. కానీ వేలు తీగను మీటే ఆ మొదటి చప్పుడు వెనకబడిపోయింది. దాన్ని ముందుకు తేవాలి.

ఈ పెట్టె ఈక్వలైజర్, అంటే శబ్దంలో మనం కోరిన స్థాయిని పెంచడానికో తగ్గించడానికో వాడేది. పల్టెక్ అనే కంపెనీ చేసిన దాని తరహాలో, నేను కిట్ తెచ్చి కట్టుకున్నాను. అసలుది 1951లో అమెరికాలో యూజీన్ షెంక్, ఆలివర్ సమ్మర్‌ల్యాండ్ తయారుచేశారు.

[సర్క్యూట్ బొమ్మ]

కాయిల్, కెపాసిటర్లు, రెసిస్టర్లు ఉన్న ఈ భాగానికి కరెంటు అక్కర్లేదు. కాబట్టి ఇది దేన్నీ పెంచలేదు. ముందు సిగ్నల్ మొత్తాన్ని సుమారు 16 డెసిబెల్స్ తగ్గిస్తుంది. బూస్ట్ నాబ్ తిప్పితే, మనం కోరిన చోట ఆ తగ్గింపు సడలుతుంది. గట్టు వేసి ఆపిన నీటిని ఒక మడికి మాత్రం తూము తీసి వదిలినట్టు. తగ్గినదాన్ని చివర్లో వాల్వు, అంటే పాతకాలపు గాజు గొట్టాల, యాంప్లిఫైయర్ పైకి తెస్తుంది.

పల్టెక్ మోడల్ ఈక్యూపీ-1ఏలో పై స్థాయి బూస్ట్ 3 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. నా చెవికి ఈ వీణ మీటు 2 దగ్గర ఉంది. మధ్య స్థాయుల కోసం ఆ కంపెనీయే ఎంఈక్యూ-5 అని వేరే పెట్టె చేసింది. మనకు మాత్రం ఒక్క కెపాసిటర్ చాలు, ఎందుకంటే ఫ్రీక్వెన్సీ ఎంచుకునే ఈ రోటరీ స్విచ్‌లో ఒక స్థానం ఖాళీగా ఉంది.

బూస్ట్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర రావాలో కాయిల్, కెపాసిటర్ విలువలు కలిసి నిర్ణయిస్తాయి. నా కాయిల్‌లో 100 మిల్లీహెన్రీల ట్యాప్ ఉంది, అంటే చుట్ట మధ్యలోంచి బయటికి తీసిన తీగ. 2 కిలోహెర్ట్జ్‌కు దానితో 63 నానోఫారడ్లు కావాలి. దొరికేది 68, దానితో 1,930 హెర్ట్జ్ వస్తుంది. సరిపోతుంది. ఫిల్మ్ కెపాసిటర్ తీసుకోండి, మీద 683 అని ఉంటుంది. కాయిల్ విలువ పెంచి కెపాసిటర్ తగ్గించినా అదే ఫ్రీక్వెన్సీ వస్తుంది, కానీ బూస్ట్ సన్నగా, పదునుగా అయిపోతుంది. వీణకు అది గీరినట్టుంటుంది. నాకు వెడల్పే నచ్చింది.

[ప్లగ్ తీస్తున్న చేయి. దగ్గరగా.]

ఇక్కడ తొందరపడకండి. వాల్వు సప్లైలో 250 వోల్టుల పైనే ఉంటుంది. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్‌లో సున్నా చూశాకే చేయి పెట్టండి.

[టంకం వేయడం, వేగంగా]

ఒక కాలు స్విచ్‌కు, ఒకటి ట్యాప్‌కు. అంతే.

అసలు కష్టం నాకు హమ్‌తో, అంటే కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే చప్పుడుతో, వచ్చింది. కాయిల్‌ను పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే బిగించాను. ఎర్త్ లోపం అనుకుని రెండు రోజులు వైర్లు మార్చాను, తగ్గలేదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని కాయిల్ పట్టేస్తోంది. స్క్రూ వదులు చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పొడవాటి ఎండు చెక్క పుల్లతో కాయిల్‌ను మెల్లగా తిప్పాను. దాదాపు 90 డిగ్రీలు తిరిగేసరికి హమ్ అణిగిపోయింది. ఆపేసి, మళ్లీ డిశ్చార్జ్ చేసి, అలాగే బిగించాను.

[మార్పుకు ముందు, తర్వాత: అదే వీణ]

రెండూ ఒకే వాల్యూమ్‌లో పెట్టాను. లేకపోతే గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. బూస్ట్ నాబ్ 3 మీద, బూస్ట్ ఎంత వెడల్పుగా ఉండాలో చెప్పే బ్యాండ్‌విడ్త్ నాబ్ వెడల్పు వైపు. హెడ్‌ఫోన్స్‌లో రెండోదాన్ని వినండి. తీగను లాగేటప్పుడు మెట్టు మీద వేలు జరగడం కూడా వినిపిస్తుంది.