గెక్కో ఎన్‌క్లోజర్ ఇంట్లోనే: ప్లైవుడ్ బాక్సా, నిలబెట్టిన అక్వేరియమా?

నమస్తే అండి. ఇవాళ రివ్యూలో గెక్కోల్ని, అంటే ఇంట్లో పెంచుకునే బల్లుల్ని, ఉంచే పెట్టెలు మూడున్నాయి: నేల మీద తిరిగే లెపర్డ్ గెక్కోకి ప్లైవుడ్ బాక్స్, చెట్లెక్కే క్రెస్టెడ్ గెక్కోకి నిలువుగా నిలబెట్టిన పాత అక్వేరియం, ఇంకొకటి ప్లాస్టిక్ టబ్. టబ్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. క్వారంటైన్‌కి, జబ్బుపడ్డ గెక్కోని విడిగా ఉంచడానికి భేషుగ్గా పనికొస్తుంది, కడగడం తేలిక. శాశ్వతంగా ఉంచడానికి మాత్రం నా ఓటు పడదు.

ఇక ప్లైవుడ్ బాక్స్. బయటి కొలత 90×45×45 సెం.మీ. లెపర్డ్ గెక్కో కాళ్లకి అతుక్కునే మెత్తలుండవు, గాజు ఎక్కలేదు. అందుకే దీనికి ఎత్తు కంటే నేల జాగా ముఖ్యం. 12 మి.మీ. ప్లై అయితే కటింగ్ ఇదీ: పైకీ కిందికీ 90×45 ముక్కలు రెండు, పక్కలకి 45×42.6 రెండు, వెనక్కి 87.6×42.6 ఒకటి. ముందు కింద 8 సెం.మీ. పట్టీ, పైన 5 సెం.మీ. పట్టీ. కింది పట్టీ మానేస్తే లోపల పరిచిన మట్టి అంతా గాజు తలుపు జరిగే ట్రాక్‌లోకి చేరి తలుపు కదలదు.

ఎక్కువమంది బోల్తా పడేది గాజు తలుపుల దగ్గర. పై ట్రాక్ లోతుగా, కింది ట్రాక్ తక్కువ లోతుతో ఉండాలి. గాజుని పైకెత్తి, కిందికి దించి బిగిస్తాం కాబట్టి. ముందు ట్రాక్‌లు అతికించండి, ఆ తర్వాతే గాజు కోయించండి. కింది ట్రాక్ గాడి అడుగు నుంచి పై ట్రాక్ గాడి లోపలి పైకొస దాకా కొలిచి, అందులోంచి కింది ట్రాక్ లోతు, ఇంకో 2 మి.మీ. తీసేయండి. అదే గాజు ఎత్తు. వెడల్పు ఒక్కోటి 45 సెం.మీ., మధ్యలో 2.4 సెం.మీ. ఒకదాని మీదొకటి వస్తాయి. 4 మి.మీ. గాజు చాలు, అంచులు మాత్రం నున్నగా రుద్దించండి. రెండు గాజుల మధ్య సందులోంచి గెక్కోకి మేతగా వేసే చిమటలు (కీచురాళ్లు) బయటికొచ్చేస్తాయి, అక్కడ సన్నటి బ్రష్ పట్టీ వేయాలి.

లోపలంతా వాటర్ బేస్డ్ పాలియురేథేన్ మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య 240 నంబర్ ఎమరీతో తేలిగ్గా రుద్దాలి. మూలల్లో సిలికాన్ ఆఖర్న. ముందే పెడితే దాని మీద పాలియురేథేన్ అంటదు. సిలికాన్ ట్యూబ్ మీద బూజు నిరోధకం అని రాసుంటే వద్దు, అక్వేరియంకి వాడేదే తీసుకోండి. వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక వారం, తలుపులు తెరిచి ఆరనివ్వండి.

వెంట్లు (గాలి రంధ్రాలు) రెండు: చల్లటి వైపు కిందుగా ఒకటి, బల్బు ఉండే వేడి వైపు పైన ఒకటి. వేడిగాలి పైనుంచి పోతూ కిందినుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. రెండూ పైనే పెడితే నేల మీది తడిగాలి అక్కడే నిలిచిపోతుంది. నైలాన్ దోమతెర వాడొద్దు, చిమటలు కొరికేస్తాయి. స్టీల్ జాలీ వేయండి.

హీట్ మ్యాట్‌ని (కరెంటుతో వేడెక్కే పలుచటి షీటు) ప్లై అడుగున బయటివైపు పెట్టేవాళ్లున్నారు. చెక్క వేడిని పైకి పోనివ్వదు, మ్యాట్ మాత్రం మాడిపోతుంది. పైనుంచి హాలోజెన్ బల్బు, చుట్టూ జాలీ గార్డు, వేడిని బట్టి బల్బుని తగ్గించి పెంచే డిమ్మింగ్ థర్మోస్టాట్, ఇదీ సరైన పద్ధతి. వేడి రాయి పైన 32 నుంచి 34 డిగ్రీలు, చల్లటి వైపు 24 నుంచి 26. ప్రోబ్‌ని (థర్మోస్టాట్ తీగ చివర వేడి కొలిచే ముక్క) బల్బు కిందే క్లిప్పు, స్క్రూతో బిగించండి. అది ఊడి చల్లటి వైపు పడిందా, థర్మోస్టాట్ ఇంకా చల్లగా ఉందనుకుని బల్బుని ఫుల్‌గా వెలిగిస్తూనే ఉంటుంది. టేప్ అంటారా? లోపల అసలొద్దు, గెక్కో అతుక్కుంటే చర్మం లేచొస్తుంది. బరువైన రాళ్లు నేరుగా ప్లై మీదే ఆనాలి. మట్టి మీద పెడితే గెక్కో కింద తవ్వుకుని నలిగిపోతుంది.

వెనక గోడకి రాయిలా కనపడేలా చేసే ఫోమ్ బ్యాక్‌గ్రౌండ్ చూడ్డానికి బాగుంటుంది, కానీ మొదటిసారికి నేనైతే మానేయమంటాను. ఫోమ్ మీద పూసే గ్రౌట్ (సిమెంటు పూత) ఎక్కడ పగిలినా చిమటలు లోపలికి దూరి కాపురం పెట్టేస్తాయి. కార్క్ బెరడు ముక్కలు పేర్చుకోండి, పని అయిపోతుంది.

ఇప్పుడు అక్వేరియం. 60×30×40 ట్యాంకుని నిలబెడితే 60 ఎత్తు వస్తుంది, ఒక క్రెస్టెడ్‌కి కనీసం సరిపోతుంది, 45×45×60 ఉంటే ఇంకా నయం. చిక్కేంటంటే, నిలబెట్టాక పైకప్పు మొత్తం గాజే. గాలి ముందునుంచే ఆడాలి, పైన పెట్టిన లైట్‌లోని యూవీబీ (అతినీలలోహిత కిరణాలు) గాజు దాటి లోపలికి రాదు. అందుకని తలుపు కింద 10 సెం.మీ. మట్టి ఆపే పట్టీ, దాని పైనే సన్నటి జాలీ, తలుపు పై అంచున వెడల్పాటి జాలీ పెట్టాలి. 3 మి.మీ. యాక్రిలిక్ తలుపు తేమకి విల్లులా వంగుతుంది, 6 మి.మీ. తీసుకోండి. క్రెస్టెడ్‌కి 28 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికొస్తుంది, గాలాడని ట్యాంకులో అది తొందరగానే దాటుతుంది.

నా లెక్కలో ప్లైవుడ్ బాక్స్ లెపర్డ్‌కి పదికి ఎనిమిది, నిలబెట్టిన ట్యాంకు క్రెస్టెడ్‌కి ఐదు. ఏది చేసినా గెక్కోని పెట్టే ముందు వారం రోజులు ఖాళీగా నడపండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రెండు వైపులా డిజిటల్ థర్మామీటర్‌తో చూసి రాసుకోండి. అంకెలు రోజుకోలా ఉంటే ముందు చూడాల్సింది ప్రోబ్‌నే.