కర్రతో తోసే ఫ్యాన్

శ్రోతలందరికీ నమస్కారం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఎక్కడ వింటున్నా సరే, ఒక్కసారి తలెత్తి మీ ఇంట్లో ఫ్యాన్ చూడండి. దాని గురించే చెప్పబోతున్నాను.

ఇంట్లో చిన్న రిపేరు ఏదొచ్చినా మనం మేస్త్రీకి ఫోన్ చేస్తాం, ఆయన "రేపొస్తాను" అంటాడు, ఆ రేపు సంగతి మనకి తెలిసిందే. ఆయన్ని అనడానికీ లేదు. కుళాయి వాషర్ ఒక్కటి మార్చడానికి ఊరి ఆ చివర నుంచి వస్తే పెట్రోలు డబ్బులైనా రావు కదా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లాక, కరెంటు పని తెలిసిన నలుగురి కోసం ఊరంతా ఎలా కాసుకుని కూర్చుందో గజపతి జిల్లావాళ్లకి నేను గుర్తు చెయ్యక్కర్లేదు.

2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా అనే ఆవిడ రిపేర్ కేఫ్ అని మొదలుపెట్టింది. పాడైన వస్తువు పట్టుకెళ్తే, పని తెలిసినవాళ్లు పక్కన కూర్చుని మనతో కలిసి బాగుచేస్తారు, కూలి తీసుకోరు. బెంగళూరులో కూడా ఇలాంటివి జరుగుతున్నాయి. మనకి కేఫ్ అక్కర్లేదు లెండి, రామమందిరం అరుగు చాలు, టీ ఎవరో ఒకరు తెస్తారు.

మా వీధిలో ఒక ఆదివారం అలాగే కూర్చున్నాం. ఒకావిడ మనవడి చేత సీలింగ్ ఫ్యాన్ మోయించుకుని వచ్చింది. స్విచ్ వేస్తే గుర్రుమంటుంది గానీ తిరగదు, కర్రతో ఒక్క తోపు తోస్తే అప్పుడు లేస్తుంది. ఆ కర్ర కూడా తెచ్చింది! లైన్‌మాన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఫ్యాన్ చూసి, స్క్రూడ్రైవర్ ఆవిడ చేతికే ఇచ్చాడు. "ఏటి బాబూ, నన్నే విప్పమంటావేటి?" అంది. "మీరేనమ్మా, నేనిక్కడే ఉన్నాను కదా" అన్నాడు.

ముందు రెక్కల్ని చేత్తో తిప్పించాడు. పట్టేస్తే బేరింగు సంగతి, సులువుగా తిరిగితే కెపాసిటర్ మీద అనుమానం. ఆవిడ ఫ్యాన్ సులువుగానే తిరిగింది. ఫ్యాన్‌లో రెండు వైండింగులు, అంటే రాగి తీగ చుట్టలు ఉంటాయి, ఒకదానికి కరెంటు రెండోదానికంటే కొంచెం ముందుగా అందేలా చేసేది కెపాసిటర్, అది బలం తగ్గిపోతే ఫ్యాన్ తనంతట తాను లేవలేదు. పైన గిన్నెలాంటి మూత దించితే కనిపించింది, వేలెడంత డబ్బా, రెండు వైర్లు. దాని మీద 2.5 అని రాసుంది. మనవడు అదే పట్టుకుని షాపుకి పరిగెత్తి, అదే నంబరుది తెచ్చాడు. పాతది ఏ రెండు చోట్ల ఉందో అక్కడే ఆవిడ కొత్తది కలిపింది, టేపు చుట్టింది. పెద్దాయన మాత్రం వైరు ముట్టుకోలేదు, సగం ఒడియాలో సగం తెలుగులో చెబుతూ కూర్చున్నాడు, అంతే. నాకు నచ్చింది అదే. ఆయనే చేసి ఇచ్చేసుంటే మళ్లీ వేసవికి ఆవిడ మళ్లీ వచ్చేది.

కాబట్టి మీ వీధిలో పెడితే ఈ ఒక్క నియమం ఉంచండి: వస్తువు ఎవరిదో విప్పేది వాళ్లే. ఆడవాళ్లని వెనక నిలబెట్టకండి.

ఇక జాగ్రత్త, ఇది రెండుసార్లు చెబుతాను. ఇంట్లో ఫ్యాన్ విప్పాలంటే గోడ మీద స్విచ్ ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో వైరింగు తారుమారై, స్విచ్ కరెంటు వచ్చే వైరు మీద కాకుండా న్యూట్రల్ మీద, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు మీద ఉంటుంది, ఆపినా ఫ్యాన్‌లో కరెంటు ఉంటుంది. మళ్లీ చెబుతున్నా, గోడ స్విచ్ చాలదు. మెయిన్ ఆపండి. టెస్టర్ పనిచేస్తోందో లేదో మెయిన్ ఆపకముందే ప్లగ్గులో పెట్టి చూసుకోండి, ఆపాక ఫ్యాన్ వైర్ల దగ్గర పెట్టి చూడండి. రిపేరు సంగతి తర్వాత, ఈ సాయంత్రం మీ మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి, దాని ముందు బియ్యం బస్తాలు పేర్చి ఉంటే పక్కకి జరపండి.