బావిలోకి దించిన కందిలి
(సెప్టెంబర్ 9, తెలంగాణ భాషా దినోత్సవం నాడు నల్గొండలోని ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కెమిస్ట్రీ చదివే పిల్లలకు నమస్కారం. ఒక్కొక్కరి పేరు చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన పది నిమిషాలు అక్కడే అయిపోతాయి, ఏమనుకోకండి. కాళోజీ పుట్టినరోజున భాష గురించి మాట్లాడమని ఒక కంపెనీ మనిషిని పిలిచారు. నేను కవిని కాదు. ఇరవై ఏళ్లకు పైగా బల్క్ డ్రగ్, అంటే మాత్రల్లో వేసే అసలు మందు, ప్రొడక్షన్‌లో ఉన్నాను.

నాకిచ్చిన అంశం 'ఔషధ పరిశ్రమలో సాంకేతిక పదజాలం'. రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాసుకున్నాను. గిర్రున తిప్పి ద్రవాన్ని విడదీసే సెంట్రిఫ్యూజ్‌ని అపకేంద్ర యంత్రమనీ, సాల్వెంట్‌ని ద్రావణి అనీ పుస్తకాల్లో రాస్తారు. తప్పు మాటలేం కావు. కానీ నైట్ షిఫ్టులో మోటారు ఊగిపోతుంటే 'అపకేంద్ర యంత్రం ఆపండి' అని ఎవరూ అరవరు. 'సెంట్రిఫ్యూజ్ బంద్ చెయ్' అంటారు. బంద్ చేస్తారు కూడా. ఆ మాట ఇప్పుడు మనదే. స్ఫటికాలు వడకట్టాక మిగిలే ద్రవాన్ని మదర్ లిక్కర్ అంటాం. కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి రోజు ఆ మాట విని నవ్వుతారు. రెండో రోజు నుంచి వాళ్లూ 'ఎమ్మెల్ డ్రమ్ము తీసుకురా' అంటారు. ఇంగ్లిష్ మాటలతో నాకు పేచీ లేదు.

అసలు మన జిల్లా పేరే ఒక సాంకేతిక పదం, తెలుసా? నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేశారు. దాన్ని విదేశాల పుస్తకాల్లో కూడా 'నల్గొండ టెక్నిక్' అనే రాస్తారు. మనకు పీపీఎం అంటే, పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో, ఏ సారూ చెప్పనక్కర్లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 పీపీఎం దాటితే ఎముకలకేమవుతుందో మన ఊళ్లలో పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నాం. బతుకులోకి వచ్చిన మాట ఏ భాషదైనా అర్థమవుతుంది.

అర్థం కాని మాట ఒకటుంది. దాని గురించే మాట్లాడతాను. ఈ పేజీలు పక్కన పెడుతున్నాను.

ఆ మాట 'ఇనర్ట్'. మందులు తయారయ్యే పెద్ద మూసిన పాత్రను మేము రియాక్టర్ అంటాం. రియాక్టర్‌లో టోలుయిన్, అసిటోన్ లాంటివి ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే లోపల గాలిని తోసేసి నైట్రోజన్ నింపుతాం. చాలా ఏళ్ల కిందట, ఇదే హైవే మీది ఒక కంపెనీలో నేను షిఫ్ట్ ఇన్‌చార్జిని. మునుగోడు దిక్కు నుంచి వచ్చిన ఒక హెల్పర్ పిల్లవాడు అడిగాడు, "సార్, ఇనర్ట్ అంటే ఏంది?" నేను చెప్పాను, "దేనితో కలవదు, మండదు, ఏం చేయదు." పరీక్షలో అయితే ఫుల్ మార్కులు. వాడికి నైట్రోజన్ అంటే యూరియాలో ఉండేది, పైరుకు మంచిది. పైగా ఏం చేయదని సారే చెప్పాడు.

వారం తిరగలేదు. శాంపిల్ తీసే స్టీలు మగ్గు జారి లోపల కలియబెట్టే రెక్క, అంటే అజిటేటర్ మీద ఆగింది. దాన్ని అందుకోవడానికి రియాక్టర్ పైన ఉండే రంధ్రం, అంటే మ్యాన్‌హోల్‌లోకి నడుం దాకా వంగాడు. రెండు శ్వాసలు, అంతే. కేక కూడా వేయలేదు. కాళ్లు వేలాడుతుంటే పక్కనున్నవాడు చూసి వెనక్కి లాగాడు కాబట్టి బతికాడు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. 19.5 కన్నా తగ్గితే లోపలికి వెళ్లకూడదు. నైట్రోజన్‌కి వాసన లేదు, ఉక్కిరిబిక్కిరీ ఉండదు. ఊపిరాడటం లేదని ఒంటికి తెలిసేది కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. ఇక్కడ అది బయటికి పోతూనే ఉంటుంది, అందుకే మనిషికి తెలియకుండానే తెలివి తప్పుతుంది.

హాస్పిటల్‌కి వాళ్ల నాయన వచ్చాడు. బావులు తవ్విన మనిషి. నేను పది నిమిషాలు ఇనర్ట్, పర్జింగ్, ఆక్సిజన్ డెఫిషియెన్సీ అని ఏదేదో చెప్పాను. ఆయన అంతా విని, "గాలి చెడ్డ పాత బావిల దిగినట్టే గద సారూ. కందిలి దించి చూడకపోతిరా?" అన్నాడు.

పిల్లలూ, ఆ మాట నేను మొదటి రోజే చెప్పి ఉంటే? పాత బావిలో దిగే ముందు కందిలి దించాలని, అది ఆరిపోతే దిగకూడదని ఆ పిల్లవాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. నేను బావి మాట ఎత్తలేదు. నాకు డిగ్రీ ఉంది కదా! రియాక్టర్‌లోకి నిజంగా కందిలి దించకండి, బిల్డింగే లేచిపోతుంది. మా కందిలి పేరు ఆక్సిజన్ మీటర్.

కంపెనీ ఏం చేసిందంటారా? అందరికీ ట్రైనింగ్ ఇచ్చింది. ఇంగ్లిష్‌లో పన్నెండు పేజీల పని పద్ధతుల కాగితం, అంటే ఎస్‌ఓపీ, చివర 'చదివి అర్థం చేసుకున్నాను' అని సంతకం. సంతకం ఒక్కటే తెలుగులో ఉండేది. కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో కూడా నోటీసులుండాలని అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 108వ సెక్షన్‌లో రాసింది. ఆడిట్‌కి వచ్చినవాళ్లలో ఆ మాట అడిగినవాళ్లను నేనైతే చూడలేదు. తేదీ రాయలేదని మాత్రం అడిగారు.

ప్రిన్సిపల్ సార్ గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం సార్.

ఇప్పుడు నేను పనిచేసే చోట ప్రతి మ్యాన్‌హోల్ మీద ఒక బోర్డు పెట్టించాను. 'లోపల పీల్చే గాలి లేదు. తల పెట్టకు.' మొదటి ఆడిట్‌లో ఈ బోర్డుకి డాక్యుమెంట్ నంబర్ ఏదని తీయించారు. నంబర్ వేయించి మళ్లీ పెట్టాను. మొన్న ఒడిశా పిల్లవాడొకడు వచ్చి, "సార్, మాకు తెలుగు చదవడం రాదు, కింద మా అక్షరాల్లో రాయనా?" అన్నాడు. రాశాడు. వాళ్ల ఊరివాళ్లు ఇంకో ఇద్దరితో విడివిడిగా చదివించి, సరిగ్గానే ఉందని తెలుసుకున్నాను. తర్వాత ఆ కాగితం అప్రూవల్ కోసం నా టేబుల్ మీదికి వచ్చింది. చివర అదే గడి: 'చదివి అర్థం చేసుకున్నాను'. ఆ అక్షరాల్లో ఒక్కటీ నాకు రాదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.