చేయి తిరగడానికి ఎన్ని మెట్లు?

శ్రోతలకు నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయంలో ఒకరి పనితనం గురించి అడిగితే, "ఆయనకు ఇరవై ఏళ్ల సర్వీసండీ" అంటారు. లేదంటే "డిపార్ట్‌మెంటల్ టెస్టులన్నీ పాసయ్యారు" అంటారు. సూపరింటెండెంటుగా ఉన్నన్నాళ్లూ నేనూ అదే చెప్పాను. ఆ మనిషి ఏ పనిని ఎంతవరకు ఒంటిచేత్తో చేయగలడో రాసుకునే చోటు మాత్రం మా రిజిస్టర్లలో ఎక్కడా ఉండేది కాదు.

2020 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మిషన్ కర్మయోగి అనే ఉద్యోగుల శిక్షణ కార్యక్రమం ఆ లోటు తీర్చాలని మొదలైంది. సుమారు 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగులకు, ఐదేళ్లకు 510.86 కోట్ల రూపాయలు కేటాయించారు. ప్రతి పోస్టులో ఉన్నవారి బాధ్యతలేమిటి, రోజూ చేసే పనులేమిటి, వాటికి ఏ సామర్థ్యాలు కావాలి అన్నది ముందు రాసుకోవాలి, శిక్షణ ఆ తర్వాతే. ఐగాట్ కర్మయోగి అనే ఆన్‌లైన్ శిక్షణ వేదికలో కోర్సులున్నది అందుకే.

ఇక్కడ నాకో భయం ఉంది. కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్‌నే స్థాయి అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. ప్రాథమికం, మధ్యమం, ఉన్నతం అని పేర్లు పెట్టినా చాలదు. ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకుంటారు. అమెరికా ఫెడరల్ ఉద్యోగుల వ్యవహారాలు చూసే కార్యాలయం ఐదు స్థాయిలు పెట్టుకుంది. వాటిని విడదీసేందుకు చూసేవి ముఖ్యంగా రెండు: పని ఎంత చిక్కైనది, చేసేవారికి పక్కవాళ్ల సాయం ఎంత కావాలి. ఈ కొలత మన కార్యాలయాలకూ సరిపోతుందని నా నమ్మకం.

సమాచార హక్కు అర్జీనే తీసుకుందాం. అర్జీ అందగానే అది మన కార్యాలయానికి చెందినదో కాదో చూసి, కాకపోతే ఐదు రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి పంపగలిగితే మొదటి మెట్టు ఎక్కినట్టే. మామూలు అర్జీకి ఎవరూ దిద్దే అవసరం లేకుండా 30 రోజుల్లోగా జవాబు తయారుచేయడం ఆ పై మెట్టు. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన అర్జీ అయితే గడువు 48 గంటలే, అది గుర్తుపట్టడమూ ఇందులోదే. అసలు కష్టమంతా తర్వాతి మెట్టులో ఉంది. సమాచారం ఇవ్వనక్కర్లేదనే, ఆ చట్టంలోని ఎనిమిదో సెక్షన్ మినహాయింపు ఏ కాగితానికి వర్తిస్తుందో తేల్చాలి. పదో సెక్షన్ ప్రకారం ఇవ్వకూడని భాగాన్ని విడదీసి, మిగతాది ఇవ్వాలి. అది చేతకాకే చాలామంది ఫైలు మొత్తానికీ "ఇవ్వలేము" అని రాసేస్తారు, అర్జీదారు అప్పీలుకు తిరుగుతాడు. ఒకే ప్రశ్న పదేపదే వస్తోందని గమనించి, నాలుగో సెక్షన్ కింద ఆ సమాచారాన్ని కార్యాలయమే ముందుగా ప్రకటించేలా చేసి, కొత్తవారికీ నేర్పగలవారిది చివరి మెట్టు.

ఇలా రాసుకుంటే, నువ్వు ఎక్కడున్నావని అడిగినప్పుడు కొత్తగా చేరినవాళ్లు కూడా భయం లేకుండా చెప్పగలరు. ఒక్క షరతు: మొదటి కొన్నేళ్లు దీన్ని ప్రమోషన్‌తో ముడిపెట్టకూడదు. పెడితే ఎవరూ తనకు రానిది రాదని ఒప్పుకోరు.

మా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేది. టెస్టులు మొదటిసారికే పాసైంది. అయినా తన సీటుకు వచ్చిన తొలి అర్జీని భయపడి ఇరవై రోజులు డ్రాయరులోనే ఉంచింది. ఏం వచ్చు, ఏం రాదు అని నేను ఆమెను ఒక్కసారీ అడగలేదు. ఆ తప్పు నాది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఓ అరగంట ఇద్దరం పాత ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నాం. రెండు నెలలకు ఒక ఫైలు పట్టుకొచ్చి, "సార్, ఇందులో మూడో పేజీ ఒక్కటే ఇవ్వకూడదు. మిగతా పదకొండూ ఇవ్వొచ్చు. ఎందుకో నోట్‌లో రాశాను, చూడండి" అంది.

చూశాను. మార్చాల్సిన మాట ఒక్కటీ లేదు.