పికప్‌కి రీమ్యాన్ ఈసీఎం: "ప్లగ్ అండ్ ప్లే" అన్న మాటలో నిజమెంత?

నమస్తే అండి. నా చేతిలో ఉన్న ఈ అల్యూమినియం డబ్బా చూడండి. ఇది పికప్ ట్రక్కు ఈసీఎం, ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. కొత్త సరుకు కాదు, రీమ్యాన్. అంటే పాత మాడ్యూల్‌ని విప్పి, చెడిన భాగాలు మార్చి, టెస్ట్ చేసి, మన బండి విన్ నంబరుకు (ఒక్కో బండికీ కంపెనీ ఇచ్చే గుర్తింపు నంబరు) తగ్గ ప్రోగ్రామ్ ఎక్కించి పంపుతారు. పెట్టె మీద పెద్దక్షరాలతో "ప్లగ్ అండ్ ప్లే" అని ఉంది. ప్లగ్ వరకు నిజమే. ప్లే దగ్గరికి వచ్చేసరికే కొంచెం మాట్లాడుకోవాలి.

ముందు బండి జబ్బు చెప్తాను. పెట్రోల్ వీ8 పికప్. చల్లగా ఉన్నంతసేపు బంగారం. బాగా వేడెక్కాక, నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోతుంది. దగ్గడాలు, కుదుపులు ఏమీ ఉండవు. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది. బానెట్ ఎత్తి కాసేపు చల్లారనిస్తే మళ్ళీ సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్. ఈ లక్షణం చెప్పగానే చాలామంది క్రాంక్ సెన్సార్ అంటారు, అంటే ఇంజిన్ తిరుగుడుని చదివి ఈసీఎంకి చెప్పే సెన్సార్. తప్పేం లేదు, ముందు దాన్నే అనుమానించాలి. వేడికి చెడి, చల్లారితే పనిచేసే అలవాటు దానికీ ఉంది.

అయితే అసలు సంగతి బండి ఆగిపోయిన ఆ నిమిషంలోనే తెలుస్తుంది. చల్లారాక స్కానర్ పెడితే అన్నీ బాగున్నట్టే చూపిస్తుంది. ఆగిన వెంటనే పెడితే ఏబీఎస్ పలుకుతోంది, ఎయిర్‌బ్యాగ్ పలుకుతోంది, ఇంజిన్ మాడ్యూల్ మాత్రం పలకడం లేదు. ఏబీఎస్‌లో యూ0100 కోడ్ పడి ఉంది. ఇంజిన్ కంప్యూటర్‌తో మాట తెగిపోయింది అని దానర్థం.

ఇక్కడే చాలామంది తొందరపడి మాడ్యూల్ ఆర్డర్ పెట్టేస్తారు. ఆగండి. కరెంటు అందకపోయినా అది పలకదు. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం కప్లర్ (వైర్లన్నీ వచ్చి తగిలే సాకెట్) ఊడదీశాం. తర్వాత బ్యాటరీ మళ్ళీ తగిలించి, వైరింగ్ డయాగ్రామ్ చూసుకుని, నేరుగా బ్యాటరీ నుంచి వచ్చే పవర్ పిన్‌కీ ఎర్త్ పిన్‌కీ మధ్య ఒక హెడ్‌లైట్ బల్బు కలిపాం. మల్టీమీటర్ ఎందుకు వద్దంటే, వైరు లోపల ఒక్క పోగు మిగిలినా అది 12 వోల్టులు చూపిస్తుంది. ఆ ఒక్క పోగు మీద బల్బు మాత్రం వెలగదు. మా బల్బు ఫుల్‌గా వెలిగింది. ఇగ్నిషన్ ఆన్ చేస్తే వచ్చే పవర్ కూడా అలాగే చూశాం, అదీ బాగుంది. ఒక జాగ్రత్త చెప్పాలి: మీటర్ ప్రోబ్ మొనని కప్లర్ పిన్‌లోకి గట్టిగా దూర్చకండి. లోపలి పట్టు వెడల్పయిపోతుంది. ఆ తర్వాత ఎంత మంచి ఈసీఎం పెట్టినా ఆ ఒక్క పిన్ లూజ్‌గా తగిలి, గతుకుల రోడ్డు మీద ఏడిపిస్తుంది.

తర్వాత 5 వోల్టుల టెస్ట్. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నిక్షేపంలాంటి ఈసీఎంలు చెత్తబుట్టలో పడేది ఇది చేయకపోవడం వల్లే. చాలా సెన్సార్లకి ఈసీఎం 5 వోల్టుల సప్లై ఇస్తుంది. ఆ లైన్ మీద ఏ ఒక్క సెన్సార్ లోపల షార్ట్ అయినా లైన్ మొత్తం పడిపోతుంది. ఇంజిన్ ఆగిపోతుంది. కొన్ని బండ్లలో ఈసీఎం స్కానర్‌కి పలకడం కూడా మానేస్తుంది. చూసేవాళ్ళకి ఈసీఎం పోయినట్టే ఉంటుంది. అందుకని ఒక సెన్సార్ కప్లర్ దగ్గర మీటర్ పెట్టి, మిగతావి ఒక్కొక్కటే ఊడదీస్తూ వెళ్ళాలి. ఏదో ఒకటి తీయగానే 5 వోల్టులు తిరిగొచ్చిందంటే దొంగ దొరికినట్టే, ఈ వీడియో మీరు ఇక్కడితో ఆపేయొచ్చు. మా బండి ఆగిపోయి, ఈసీఎం పలకని ఆ స్థితిలోనే చూశాం, అన్నీ తీసినా మీటర్ సున్నా దగ్గరే కూర్చుంది. ఈసీఎం కప్లర్ కూడా తీసి, ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగులుతోందేమో చూశాం, లేదు. పవర్ ఉంది, ఎర్త్ ఉంది, వైరు బాగుంది, 5 వోల్టులు మాత్రం పుట్టడం లేదు. అప్పుడు ఆర్డర్ పెట్టాం.

కోడ్‌ల గురించి ఒక్క మాట. పీ0601, పీ0604, పీ0605, పీ0606 లాంటివి మాడ్యూల్ లోపలి మెమరీ, ప్రాసెసర్ గురించి వస్తాయి. వీటిని సీరియస్‌గా తీసుకోవాలి. పీ0603 మాత్రం బ్యాటరీ టెర్మినల్ లూజ్ అయినా రావచ్చు. అది చూసి టెన్షన్ పడి డబ్బు ఖర్చు పెట్టకండి.

సరే, ఇప్పుడు వస్తువు సంగతి. కెమెరా దగ్గర పెడుతున్నాను, లేబుల్ చూడండి. పాతదాని పార్ట్ నంబరు, దీని నంబరు సరిపోయాయి. ఒకే మోడల్, ఒకే సంవత్సరం అయినా ఇంజిన్‌ని బట్టి, గేర్‌బాక్స్‌ని బట్టి నంబరు మారుతుంది. పిన్‌లు నిటారుగా, మెరుస్తూ ఉన్నాయి. అంచు చుట్టూ సీల్ కొత్తది. లోపల ఏం మార్చారన్నది మాత్రం దేవుడికే తెలియాలి, ఎందుకంటే డబ్బా మూసేసి ఉంది, వాళ్ళిచ్చిన కాగితంలో ఆ వివరం లేదు. నాకు నచ్చనిది అదే. ఏ భాగం మార్చారో ఒక్క లైన్ రాస్తే కొనేవాడికి ధైర్యంగా ఉంటుంది కదా.

బిగించడం పెద్ద పనేం కాదు. నాలుగు బోల్టులు, లివర్ ఉన్న కప్లర్లు. బ్యాటరీ నెగటివ్ తీశాకే ముట్టుకోండి, పిన్‌ల మీద చేయి పెట్టకండి, లివర్ పూర్తిగా పడిందో లేదో చూసుకోండి.

ఇగ్నిషన్ ఆన్ చేశాం. స్కానర్‌కి వెంటనే పలికింది, విన్ నంబరు సరిగ్గా ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ పట్టుకుని, రెండు సెకన్లలో ఆగిపోయింది. డ్యాష్‌బోర్డ్ మీద సెక్యూరిటీ లైటు. ఇది మాడ్యూల్ లోపం కాదు, ఇమ్మొబిలైజర్, అంటే దొంగలు బండి నడపకుండా ఆపే ఏర్పాటు. ఈ బండి దొంగది కాదని కొత్త ఈసీఎంకి ఇంకా తెలియదు. జనరల్ మోటార్స్ పాత పికప్‌లలో చాలావాటికి ఇగ్నిషన్ ఆన్‌లో పది నిమిషాలు ఉంచి ఆఫ్ చేయడం, అలా మూడుసార్లు చేస్తే అదే నేర్చుకుంటుంది. ఫోర్డ్ బండ్లలో స్కాన్ టూల్ కావాలి, సాధారణంగా రెండు తాళాలు కూడా అడుగుతుంది. అంటే చేతిలో ఒక్క తాళమే ఉంటే ముందే రెండోది చేయించుకోండి. "ప్లగ్ అండ్ ప్లే" అని రాసినవాళ్ళు ఈ ముక్క చిన్న అక్షరాలతో కూడా రాయలేదు, దీనికి మార్కులు తగ్గించాల్సిందే.

ఇంకో పని క్రాంక్ రీలెర్న్. క్రాంక్ సెన్సార్ చదివే పళ్ళ చక్రంలో ఒక్కో ఇంజిన్‌కి వెంట్రుకవాసి తేడాలుంటాయి. వాటిని ఈసీఎం గుర్తుపెట్టుకుంటేనే మిస్‌ఫైర్‌ని (ఏదైనా సిలిండర్ సరిగ్గా మండకపోవడాన్ని) సరిగ్గా పట్టగలదు. చేయకపోతే పీ0315 కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు రావచ్చు. కాస్త మంచి స్కానర్ ఉంటే నిమిషాల పని. డీజిల్ పికప్ అయితే వేరే తలనొప్పి ఉంటుంది: చాలా కామన్ రైల్ ఇంజిన్లలో (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపు నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేవి) ఒక్కో ఇంజెక్టర్ మీద ఉన్న కోడ్‌ని సిలిండర్ వారీగా కొత్త ఈసీఎంలో ఎక్కించాలి.

పికప్ వాళ్ళు మర్చిపోయేది ఇంకొకటుంది. విన్ నంబరు పంపితే ఫ్యాక్టరీ సెట్టింగే వస్తుంది. మీరు పెద్ద టైర్లు వేసినా, వెనక యాక్సిల్ గేర్లు మార్చినా ఆ ఈసీఎంకి తెలియదు. 3.73 నిష్పత్తి ఉన్నచోట 4.10 నిష్పత్తి గేర్లు వేశారనుకోండి, వేగాన్ని గేర్‌బాక్స్ చివర కొలిచే బండి అయితే స్పీడోమీటర్ దాదాపు పది శాతం ఎక్కువ చూపిస్తుంది. 60కి 66 అన్నమాట. గేర్లు పడే టైమింగ్ కూడా తేడా వస్తుంది. ఆర్డర్‌లోనే ఇవి రాయండి.

వేరే బండిలోంచి తీసిన సెకండ్‌హ్యాండ్ మాడ్యూలే కొనొచ్చు కదా అని అడుగుతారు. కొనొచ్చు, క్లోనింగ్ కుదిరితే. చనిపోయిన ఈసీఎం బోర్డు కాలినా మెమరీ చిప్ బతికుంటే, అందులో ఉన్న డేటా మొత్తం అదే నంబరున్న ఇంకో మాడ్యూల్‌లోకి దించేస్తారు. ఇమ్మొబిలైజర్‌తో సహా వచ్చేస్తుంది, అందుకే నా ఓటు మొదట క్లోనింగ్‌కి, తర్వాత ఈ రీమ్యాన్‌కి. క్లోన్ చేయకుండా ఊరికే సెకండ్‌హ్యాండ్‌ది తెచ్చి తగిలిస్తే ఎక్కువ బండ్లలో పని జరగదు. డీలర్ దగ్గర కొత్తది పెట్టించుకుంటే ప్రోగ్రామింగ్ జరిగేటప్పుడు బ్యాటరీకి స్థిరమైన సప్లై పెట్టారో లేదో మాత్రం గమనించండి. మధ్యలో వోల్టేజ్ పడిపోతే కొత్త మాడ్యూల్ కూడా అక్కడికక్కడే మూగబోతుంది. అమెరికాలో బండి ఉన్నవాళ్ళు ముందు వయసు చూసుకోండి. అక్కడి ఉద్గారాల వారంటీ నియమం ప్రకారం చిన్న ట్రక్కులకు ఈ కంప్యూటర్ మీద 8 ఏళ్ళు లేదా 80,000 మైళ్ళు, ఏది ముందైతే అది.

ఇక, మన బండిలో ఉన్న పాత ఈసీఎం ఎందుకు పోయింది? ఈ ప్రశ్న వేసుకోకుండా కొత్తది పెడితే అదీ పోతుంది. షార్ట్ అయిన ఇగ్నిషన్ కాయిల్, నీళ్ళు దిగిన కప్లర్, ఎక్కువ వోల్టేజ్ ఇచ్చే ఆల్టర్నేటర్, తలకిందులుగా తగిలించిన జంపర్ కేబుల్, ఇవన్నీ చూడాలి. పికప్‌లకి ప్రత్యేకంగా ఇంకోటి ఉంది, వెల్డింగ్. బంపర్ గార్డ్ అనీ, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) అనీ, వెనక ర్యాక్ అనీ బ్యాటరీ తీయకుండానే వెల్డింగ్ కొట్టించేస్తారు. బ్యాటరీ తీయించండి, ఈసీఎం కప్లర్ కూడా ఊడదీయించండి, వెల్డింగ్ ఎర్త్ క్లాంప్‌ని కొట్టే చోటుకి దగ్గర్లోనే పెట్టించండి.

పాత మాడ్యూల్‌ని అమ్మినవాళ్ళకి తిరిగి పంపాలి, లేకపోతే కొన్నప్పుడు దానికోసం కట్టిన డిపాజిట్ రాదు. గడువు చూసుకుని, ఆఖరి రోజుల వరకు మీ దగ్గరే ఉంచండి. ఇంజిన్ బాగా వేడెక్కేలా, బరువేసి, ఎండలో నడిపి చూశాకే పంపండి. కొత్తదానితో తేడా వస్తే మీ డేటా ఉన్నది ఆ పాత డబ్బాలోనే.

మీ బండిలో ఇలాంటిదే ఉంటే మోడల్, ఇంజిన్, పూర్తి కోడ్ నంబరు కామెంట్‌లో పెట్టండి. "లైటు వస్తోంది అన్నా, ఏం చేయాలి" అని మాత్రం అడక్కండి, ప్లీజ్.