నాటౌట్ అని తేలాక కూడా ఆ నాలుగు పరుగులు ఎందుకు రాలేదు?

[తెర మీద: న్యూయార్క్ మైదానం, స్కోరు బోర్డు]

2024 జూన్ 10, టీ20 ప్రపంచకప్. దక్షిణాఫ్రికా చేసింది 113 పరుగులే. కానీ న్యూయార్క్ పిచ్ మీద ఆ కాస్త లక్ష్యమే కొండంత. బంగ్లాదేశ్ తడబడుతూనే దగ్గరికి వచ్చింది. 17వ ఓవర్లో బార్ట్‌మన్ వేసిన బంతి మహ్మదుల్లా ప్యాడ్‌కు తగిలి, వెనకవైపు బౌండరీ దాటింది. ఈలోగా బౌలర్ ఎల్బీడబ్ల్యూ అని, అంటే కాలు అడ్డురాకపోతే బంతి వికెట్లకు తగిలేదని అప్పీలు చేశాడు, అంపైర్ అవుట్ అని వేలెత్తాడు.

మహ్మదుల్లా వీడియో రివ్యూ కోరాడు. బంతి లెగ్ స్టంప్ పక్కనుంచి పోయేదని తేలింది. నాటౌట్! మరి బౌండరీకి రావలసిన నాలుగు లెగ్ బైలు, అంటే బ్యాట్‌కు కాక ఒంటికి తగిలిన బంతికి వచ్చే పరుగులు? ఒక్కటీ కలపలేదు. చివరికి బంగ్లాదేశ్ ఓడింది సరిగ్గా నాలుగు పరుగుల తేడాతో.

ఆ నాలుగూ కలిసి ఉంటే గెలిచేదని నేను అనను. ఒక బంతి ఫలితం మారితే తర్వాతి ఆటంతా మారుతుంది. అంపైర్లనూ తప్పు పట్టను. వారు ఉన్న నిబంధననే పాటించారు. నా అభ్యంతరం ఆ నిబంధన మీదే.

[యానిమేషన్: బంతి ప్యాడ్‌కు తగిలి ఆగుతుంది, కాలం వెనక్కి తిరుగుతుంది]

ఇది జాగ్రత్తగా చూడండి. అంపైర్ నాటౌట్ అన్నాడు, బ్యాటర్లు పరుగులు తీశారు, ఫీల్డింగ్ జట్టు రివ్యూలో అది అవుట్ అని తేలింది అనుకుందాం. అప్పుడు బంతి ప్యాడ్‌ను తాకిన క్షణం నుంచే 'డెడ్' అయినట్టు, అంటే ఆట అక్కడే ఆగినట్టు లెక్క. తీసిన పరుగులు రద్దు. అంటే కాలాన్ని వెనక్కి తిప్పి సరిచేస్తారు. అదే అవుట్ కాస్తా నాటౌట్‌గా మారితే మాత్రం వికెట్ తిరిగి ఇస్తారు, పరుగులు ఇవ్వరు. ఒకే యంత్రం, ఒకే రివ్యూ. దిద్దుబాటు మాత్రం ఒక జట్టుకు పూర్తిగా, మరో జట్టుకు సగమే.

దీనికి ఒక కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. వేలు లేవగానే ఫీల్డర్లు బంతిని వదిలేస్తారు, బ్యాటర్లూ ఆగిపోతారు. ఆగిన పరుగును ఎవరు లెక్కిస్తారు? వదిలేసిన బంతికి నాలుగు ఎలా ఇస్తారు?

ఏ ఫీల్డరూ ఆపలేని బంతి అయితే బౌండరీ ఇవ్వాలని, దాన్ని థర్డ్ అంపైర్ తేల్చాలని కొందరు అంటారు. నాకు అది అంతగా నచ్చదు. ఊహ మీద పరుగులిస్తే మరో గొడవ మొదలవుతుంది.

[తెర మీద: ఫుట్‌బాల్ సహాయ రిఫరీ, జెండా కిందికే ఉంది]

ఫుట్‌బాల్ దారి నాకు మేలనిపిస్తుంది. వీడియో సమీక్ష వచ్చాక అక్కడ గోల్ అవకాశం స్పష్టంగా ఉంటే, సహాయ రిఫరీ ఆఫ్‌సైడ్ జెండా వెంటనే ఎత్తడు. ఆ దాడి ముగిసేదాకా ఆగుతాడు. మన అంపైర్ కూడా బంతి బౌండరీ చేరేదాకానో, కీపర్ చేతికి వచ్చేదాకానో వేలు దించుకునే ఉండవచ్చు. అవుట్ అయితే అప్పుడు ప్రకటిస్తాడు, పరుగులు ఎలాగూ పోతాయి. రివ్యూలో తప్పని తేలితే తీసిన పరుగులు నిలుస్తాయి.

అప్పీలు చేస్తూ బంతి వెంట పరుగెత్తడం కష్టం కదా అని ఫీల్డింగ్ జట్టు అడగవచ్చు. అంపైర్ తల అడ్డంగా ఊపే ప్రతి అప్పీలులోనూ వారు ఇప్పుడు చేస్తున్నది అదే.